వాటర్లూ వీధిలో ఝాన్సీ

మన తెలుగువారి ఆడపిల్లల పేర్లలో ఒక విశేషమున్నది. తిరుపతి, కాశి, అన్నవరం వంటి క్షేత్రాల పేర్లు పిల్లలకు పెట్టుకోవడం మనకు పాత అలవాటు. కాని ఏ తీర్థయాత్రకూ మనవారు వెళ్ళని, బుందేల్‌ఖండులోని ఒక కోట పట్టణం పేరును ఆడపిల్లకు పెట్టుకోవడం చిత్రమే కదా! ఝాన్సీ, ఝాన్సీలక్ష్మి, ఝాన్సీరాణి. ఈ సంచిక చదువుతున్న యువతీయువకులలో చాలామందికి ఊరిలో ఒక ఝాన్సీ అత్తయ్యో, ఝాన్సీ పిన్నియో ఉండే ఉంటారు. ఆ పేరు గల స్త్రీ కోపిష్ఠి అయితే పేరుకు తగ్గ మనిషి అంటాము, నెమ్మదస్తురాలయితే పేరుకు తగదని నవ్వుకుంటాము. పేరు వెనుక ఉన్న మనిషిని గురించి మాత్రం గుర్రము, కత్తి, వీపున కట్టుకున్న బిడ్డ అన్న బొమ్మను మించి మనకు తెలిసినది తక్కువ. ఆ పేరు ఒకనాడు మనమున్న ఈ సింగపూరు నగరంలోనే ఒక సైనిక దళానికి పేరయిందన్న సంగతి తెలిసినవారు మరీ తక్కువ.

ఆమె పుట్టింటి పేరు మణికర్ణిక. కాశిలో పుట్టింది. తండ్రి మోరోపంత్ తాంబే మరాఠా బ్రాహ్మణుడు. రాజ్యం పోయి బ్రిటిషువారి భరణంతో బిఠూరులో కాలం గడుపుతున్న ఆఖరి పీష్వా రెండవ బాజీరావు కొలువులో ఆమె పెరిగింది. 1842లో ఝాన్సీ ప్రభువు గంగాధరరావును వివాహమాడి లక్ష్మీబాయి అయినది. పుట్టిన కొడుకు నెలల బిడ్డగానే పోయాడు. 1853 నవంబరులో మరణశయ్యమీద ఉన్న గంగాధరరావు, కంపెనీ అధికారుల సమక్షంలోనే, బంధువుల బిడ్డను దత్తత చేసుకొని దామోదరరావు అని పేరు పెట్టాడు. మరునాడు కన్ను మూశాడు. మన ధర్మశాస్త్రం దృష్టిలో దత్తపుత్రుడు సొంత పుత్రునితో సమానుడు. పిండప్రదానానికీ, ఆస్తికీ అతడే అర్హుడు. గవర్నరు జనరల్ డల్హౌసీ మాత్రం పిండం పెట్టే హక్కు ఉంటే ఉండనిమ్మని, రాజ్యం మీది హక్కు లేదు పొమ్మన్నాడు. 1854లో ఝాన్సీ కంపెనీ వశమయింది. రాణికి ఏడాదికి అరవై వేల రూపాయల భరణం నిర్ణయించారు.

మనం సాధారణంగా ఇక్కడినుంచి ఒక్క గంతులో యుద్ధరంగానికి వెళ్ళిపోతాము. అది అన్యాయం. యుద్ధానికి ముందు మూడేళ్ళపాటు ఆమె చేసినది కాగితాల పోరాటం. విన్నపం వెంట విన్నపం కలకత్తాకు పంపింది. జాన్ లాంగ్ అనే న్యాయవాదిని ఝాన్సీకి రప్పించుకొని, తెర వెనుక కూర్చుండి తన వాదాన్ని వినిపించింది. ఝాన్సీని ఇచ్చేది లేదని ఆమె అన్న మాట ఆ లాంగ్ వ్రాతల ద్వారానే లోకానికి తెలిసింది. గమనించండి, ఆ మాట రణరంగంలో పుట్టినది కాదు; ఒక వితంతువు తన వకీలుతో అన్న మాట. లండనులోని కంపెనీ డైరెక్టర్ల వరకూ వెళ్ళిన ఆ వ్యాజ్యం ఓడిపోయింది.

1857 జూన్‌లో ఝాన్సీలోని సిపాయీలు తిరుగబడ్డారు. కోటలో తలదాచుకొని, తరువాత లొంగిపోయిన ఆంగ్లేయులను, స్త్రీలతో పసిపిల్లలతో సహా, జోఖన్ బాగ్‌లో చంపివేశారు. ఇది చెప్పకుండా ఝాన్సీ కథ చెప్పడం తగదు. ఆ హత్యలలో రాణికి భాగమున్నదని కంపెనీ అనుమానించింది. తాను నిస్సహాయురాలినై ఉంటినని ఆమె జబల్‌పూరు కమిషనరుకు వ్రాసింది. కంపెనీ దళాలు వచ్చేవరకు జిల్లాను ఆమెనే పాలించమని ఆ కమిషనరు బదులిచ్చాడు కూడ. అంటే తిరుగుబాటు రాజుకున్న తొలినాళ్ళలో ఆమె తిరుగుబాటుదారు కాదు. ఇరుగుపొరుగు సంస్థానాలు దండెత్తగా వాటిని తిప్పికొట్టింది, ఫిరంగులు పోత పోయించింది, ఆడవారికి ఆయుధశిక్షణ ఇప్పించింది. కంపెనీ తనను నేరస్థురాలిగానే లెక్కించిందని అర్థమైన తరువాత కోట తలుపులు మూసింది. ఆలోచించకుండా కత్తి దూసిన వీరనారి కంటె, అన్ని దారులూ మూతపడ్డ తరువాత కత్తి దూసిన ఈ స్త్రీయే నాకు ఎక్కువ గౌరవపాత్రురాలుగా తోస్తుంది.

1858 మార్చిలో సర్ హ్యూ రోజ్ ఝాన్సీని ముట్టడించాడు. అతని సేనలో ఎవరున్నారో మన తెలుగువారు తప్పక తెలుసుకోవాలి. నిజాము ఖర్చుతో, ఆంగ్లేయ అధికారుల క్రింద నడిచే హైదరాబాదు కంటింజెంటు ఉన్నది. తమిళ, తెలుగు జిల్లాలనుంచి మనుషులను చేర్చుకొనే మద్రాసు సాపర్లు ఉన్నారు. ఆ సాపర్లకు వైద్యుడుగా వెళ్ళిన థామస్ లో తాను చూచినదంతా 1860లో గ్రంథంగా ప్రకటించాడు. ఝాన్సీ బురుజులమీద స్త్రీలు ఫిరంగుల దగ్గర పనిచేయడం, మందుగుండు మోయడం ముట్టడిదారులు కళ్ళారా చూచినట్లు ఆనాటి ఆంగ్లేయుల కథనాలు చెబుతున్నాయి. గోడల ఇవతల నిచ్చెనలు మోసిన చేతులలో మనవారివి ఎన్నో, చరిత్ర లెక్క పెట్టలేదు.

గోడల అవతలి కథ చెప్పినవాడు విష్ణుభట్ట గోడ్సే. కొంకణంనుంచి దక్షిణ సంపాదనకై ఉత్తరాదికి బయలుదేరి, ఝాన్సీలో చిక్కుకుపోయిన పేద పురోహితుడు. ఎంతో కాలం తరువాత మరాఠీలో వ్రాసిన తన ప్రయాణకథలో ఆయన ముట్టడినాటి దాహం, ఊరు పడిన తరువాతి ఊచకోత, తగులబడిన గ్రంథాలయం అన్నీ చెప్పాడు. ఏప్రిల్ 1న సహాయానికి వచ్చిన తాంతియా తోపే బేత్వా నది దగ్గర ఓడిపోయాడు. 3న పట్టణం గోడలు దాటారు. మరునాటి రాత్రి రాణి కొద్దిమంది అనుచరులతో కోట వీడి, నూరు మైళ్ళకు పైగా గుర్రంమీద ప్రయాణించి కాల్పీ చేరింది.

ఇక్కడ మనకు బొబ్బిలి గుర్తుకు రాకమానదు. 1757 జనవరిలో బుస్సీ నాయకత్వంలో ఫ్రెంచివారి ఫిరంగులు, విజయనగరం సేనలు బొబ్బిలిని చుట్టుముట్టినప్పుడు, శత్రువుకు చిక్కకూడదని అంతఃపురస్త్రీలను తమవారే కడతేర్చారు. బుర్రకథలలో మల్లమ్మదేవిని గురించి వింటూ తరతరాలుగా కన్నీరు పెట్టుకున్నాము. ఝాన్సీ రాణి చేసినది దానికి భిన్నం. కోట పోతే బ్రతుకు పోయినట్లే అని ఆమె అనుకోలేదు. కోట వదిలి, దత్తపుత్రుని దక్కించుకొని, మరి రెండున్నర నెలలు పోరాడింది. జూన్ 1న ఆమె, తాంతియా తోపే, రావు సాహెబు కలిసి గ్వాలియరును పట్టుకున్నారు. జూన్ 17న, 18 అని చెప్పేవారూ ఉన్నారు, గ్వాలియరు సమీపాన కోటా కీ సరాయ్ దగ్గర ఆంగ్ల ఆశ్వికదళంతో పోరులో ఆమె నేలకొరిగింది. అప్పటికి ముప్పై ఏళ్ళయినా నిండలేదు. తిరుగుబాటు నాయకులందరిలో ఆమెయే మేటి అని శత్రువైన హ్యూ రోజ్ ఒప్పుకున్నాడు.

ఆ సమయంలో సింగపూరు ఎట్లున్నది? ఇది కూడ కలకత్తానుంచి కంపెనీ పాలించే ఊరే. నేడు పదాంగ్ మైదానం చెంత తెల్లగా మెరిసే సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్‌ను ఆ ఏళ్ళలోనే భారతీయ ఖైదీలు కడుతున్నారు. గుడ్డుసొన, చక్కెర కలిపిన సున్నంతో దాని గోడలకు మెరుగు పెట్టారు. ఆ సున్నానికి పేరే మద్రాసు సున్నం. తిరుగుబాటులో పట్టుబడ్డ సిపాయీలను ఇక్కడికి పంపుతారేమోనని ఇక్కడి ఐరోపావారు 1857లో భయపడిపోయారు. కలకత్తా పాలన మాకు వద్దని వారు లండనుకు అర్జీ పెట్టుకున్న కారణాలలో అదొకటి. 1867లో ఈ ఊరు నేరుగా బ్రిటిషు రాచరికం క్రిందికి వెళ్ళింది. ఝాన్సీలో ఎగసిన మంట వేడి ఇంత దూరం తగిలింది.

ఎనభై అయిదేళ్ళ తరువాత ఆ పేరే ఇక్కడికి వచ్చింది. కాని ఏ పరిస్థితులలో వచ్చిందో మన పిల్లలకు దాచకుండా చెప్పాలి.

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానుకు లొంగిపోయింది. ఏటా ఆ రోజున మీ పాఠశాలలలో టోటల్ డిఫెన్స్ డే జరుపుతారు. రెండు రోజుల తరువాత, ఫారర్ పార్కు మైదానంలో, అనగా నేటి మన పెరుమాళ్ళ గుడికి నడకదూరంలో, నలభై వేలకు పైగా భారతీయ సైనికులను బ్రిటిషు అధికారులు జపాను వారికి అప్పగించారు. వారిలోనుంచి మోహన్ సింగ్ నాయకత్వంలో తొలి ఆజాద్ హింద్ ఫౌజు పుట్టింది. అదే వారంలో సూక్ చింగ్ మొదలయింది. వేలాది చీనా పురుషులను ఏరి సముద్రతీరాలకు తీసుకుపోయి చంపారు. ఆపైన మలయా తోటలనుంచి తమిళులను, వారితోపాటు తెలుగువారిని సయాం బర్మా రైలుమార్గం పనికి తరలించారు. ఆ అడవులలో మలేరియా, కలరా, విరేచనాలతో పోయినవారికి సమాధులు కూడ లేవు. పాఠశాలలో ఈ చరిత్ర చదివి, ఇంటికి వచ్చి నేతాజీ పటం చూచే పిల్లవాడికి ఒక ప్రశ్న పుట్టడం సహజం: మనవారు ఎవరి పక్షాన ఉన్నారు? ఆ ప్రశ్నను పెద్దలు గదమాయించి నోరు మూయించకూడదు.

సుభాష్ చంద్రబోసు 1943 జూలై 2న సింగపూరు చేరారు. ఆయనతో జలాంతర్గామిలో ప్రయాణించి వచ్చిన అనుచరుడు ఆబిద్ హసన్ మన హైదరాబాదువాడు. జైహింద్ అనే నినాదాన్ని కూర్చినవాడిగా ప్రసిద్ధుడు. జూలై 9న పదాంగ్ మైదానంలో జరిగిన సభకు అరవై వేలమంది వచ్చారని అంచనా. అక్కడ బోసు, పురుషులతోపాటు స్త్రీల దళం కూడ కావాలన్నారు. ఝాన్సీ రాణి కత్తి పట్టినట్లు పట్టే స్త్రీలు కావాలన్నారు. మూడు రోజులకే, 12న, స్త్రీల సభలో ఇరవైమంది చీరలు కట్టుకొని, బరువైన త్రీ నాట్ త్రీ తుపాకులు ఎత్తి ఆయనకు సైనికవందనం చేశారు. ఆ ఇరవైమందిని కూడగట్టినది ఒక వైద్యురాలు.

డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్ 1914లో మద్రాసులో పుట్టారు. తండ్రి పేరుపొందిన న్యాయవాది. తల్లి అమ్ము స్వామినాథన్ తరువాతి కాలంలో రాజ్యాంగసభ సభ్యురాలు. 1938లో మద్రాసు వైద్యకళాశాలనుంచి పట్టా పుచ్చుకొని, స్త్రీవైద్యంలోను, ప్రసూతివైద్యంలోను డిప్లొమా పొంది, 1940లో సింగపూరు వచ్చి వైద్యశాల పెట్టారు. పేద భారతీయ కూలీ స్త్రీలు ఆమె రోగులు. దళానికి నాయకత్వం వహించమని బోసు అడిగినప్పుడు సరేననడానికి ఆమె వ్యవధి తీసుకోలేదు. నడుస్తున్న వైద్యశాలను, నమ్ముకున్న రోగులను విడిచిరావడం ఎంత కష్టమో నా వృత్తిలోనివారికి వేరుగా చెప్పనక్కరలేదు. అప్పటినుంచి ఆమె కెప్టెన్ లక్ష్మి. అక్టోబరు 21న ప్రకటించిన ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వంలో ఆమె మంత్రి కూడ.

మరునాడు, 1943 అక్టోబరు 22న, ఝాన్సీ రాణి దళం శిక్షణశిబిరం వాటర్లూ వీధిలో ప్రారంభమయింది. మనం కృష్ణుని గుడికి వెళ్ళే వీధి అదే. అప్పటికే ఆ గుడి అక్కడ ఉండి డెబ్బై ఏళ్ళు దాటింది. తొలిరోజున చేరినవారు నూట యాభైమందికి పైగా. వకీళ్ళ కూతుళ్ళు, వర్తకుల కూతుళ్ళు ఉన్నారు. రబ్బరు తోటలలో పాలు గీసే కూలీల పిల్లలూ ఉన్నారు. అధికసంఖ్యాకులు తమిళ కుటుంబాలవారు. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, సిక్కులు ఒకే పంక్తిలో తిన్నారు. జుట్టు కత్తిరించుకొని, ఖాకీ దుస్తులు ధరించి, తెల్లవారుజామున కవాతు చేశారు. తుపాకి, బ్రెన్ గన్, చేతిబాంబు వాడడం నేర్చారు. అక్షరం రాని తోటపిల్లలకు చదువు చెప్పారు. ఆడవారికి ఆయుధాలేమిటని జపాను అధికారులకు ఇష్టం లేకపోయింది.

ఇంకొక్క మాట. వీరిలో చాలామంది మలయాలోనో, సింగపూరులోనో పుట్టినవారు. భారతదేశాన్ని కళ్ళతో చూడనివారు. తల్లి మాటలలో, తండ్రి ఇంటికి వ్రాసే ఉత్తరాలలో తప్ప ఆ దేశం వారికి తెలియదు. వారికి ఝాన్సీ ఎక్కడున్నదో పటంలో చూపవలసి వచ్చి ఉండవచ్చు. "నాకు ఇండియాతో ఏమి సంబంధం?" అని మీలో ఎవరైనా ఎప్పుడైనా అనుకొని ఉంటే, మీ వయస్సులోనే, మీవలెనే ఇక్కడ పుట్టి, ఆ ప్రశ్నకు తమదైన జవాబు చెప్పినవారు వీరు. ఆ జవాబే మీరూ చెప్పాలని నేననను.

దేవాలయ సంచికలో వ్రాస్తున్నాను కనుక, ఆ అక్టోబరులోనే జరిగిన మరొక ఘటనను విడువలేను. ట్యాంక్ రోడ్డులోని చెట్టియార్ల గుడివారు దసరా ఉత్సవానికి నేతాజీని ఆహ్వానించారు, విరాళమిస్తామన్నారు. అన్ని కులాలవారిని, మతాలవారిని రానివ్వని చోటికి తాను రానన్నారాయన. నిర్వాహకులు ఒప్పుకున్నారు. ఆయన ముస్లిం, క్రైస్తవ సహచరులతో కలిసి లోపలికి వెళ్ళారు. ఆబిద్ హసన్ వారిలో ఒకరు. అందరి నుదుట బొట్టు పెట్టారు. ఆబిద్ హసన్ ఆ రోజును జీవితాంతం తలచుకున్నారు. ఒక గుడి తన తలుపు మరికొంత తెరవడమూ స్వాతంత్ర్యపోరాటంలో భాగమేనని మన కమిటీ సమావేశాలలో అప్పుడప్పుడు గుర్తు చేసుకుంటే నష్టం లేదు.

1944లో దళం బర్మాకు తరలింది. ఇంఫాలు దండయాత్ర విఫలమైనది. రాణులు, వారిని అట్లే పిలిచేవారు, పోరుముఖానికి వెళ్ళలేదు. మేమ్యోలోని ఆసుపత్రిలో, ఓడి తిరిగివస్తున్న సైనికులకు సేవ చేశారు. తుపాకి గుండు తగిలినవారికంటె మలేరియా, రక్తవిరేచనాలు, బెరిబెరి, ఆకలి తిన్నవారే అధికం. మందులు లేవు, కట్టుగుడ్డలు లేవు. పైన విమానాల దాడి. దళం చరిత్ర వ్రాసినవారు కొందరు ఈ అధ్యాయాన్ని కొంచెం సిగ్గుతో దాటవేస్తారు. యుద్ధం చేయలేదు, కేవలం నర్సులయ్యారు అన్నట్లు. ఆ "కేవలం" అన్న మాట నాకు మింగుడుపడదు. రక్తవిరేచనాల రోగికి సెలైను లేని చోట చెంచాతో నీరు త్రాగిస్తూ రాత్రంతా కూర్చోవడం ఎటువంటి పనో నాకు తెలుసు. పద్ధెనిమిదేళ్ళ పిల్ల, బాంబులు పడుతుండగా ఆ పని విడిచి పారిపోకపోవడం శౌర్యం కాకపోతే, శౌర్యమన్న మాటకు అర్థం వెదుక్కోవలసిందే. ఝాన్సీ బురుజుపై మందుగుండు మోసిన స్త్రీలనూ ఎవరూ సేనానులనలేదు.

దళంలో మొత్తం ఎందరు? వెయ్యి అని కొందరు, అయిదువందలకు లోపే అని ఇటీవలి పరిశోధకులు. 1945 ఏప్రిల్ 24న బోసు రంగూను వీడినప్పుడు, రాణులను ముందు సురక్షితంగా దాటించనిదే తాను కదలనని, వారితో కాలినడకన సిత్తాంగ్ నది వైపు సాగారు. అంతకుముందే రైలుమీద జరిగిన దాడిలో ఇద్దరు రాణులు ప్రాణాలు కోల్పోయారు. ఇళ్ళకు చేరినవారిలో కౌలాలంపూరు జానకి తేవర్ 1946లో మలయన్ ఇండియన్ కాంగ్రెస్ స్థాపకులలో ఒకరయ్యారు. రాసమ్మ భూపాలన్ ఉపాధ్యాయినియై, స్త్రీ ఉపాధ్యాయులకు పురుషులతో సమాన వేతనం కోసం మలేషియాలో పోరాడారు. ఎక్కువమంది తోటలకే, వంటింటికే తిరిగిపోయారు. వారి పేర్లు మనకు తెలియవు.

ఇక, ఆ పిల్లవాని ప్రశ్న. ఒక సామ్రాజ్యాన్ని వదిలించుకొనడానికి మరొక సామ్రాజ్యం చేయి పట్టుకున్నారు. ఆ చేతికి పొరుగింటివారి నెత్తురున్నది. ఆ పిల్లలు చేసిన త్యాగం నిజం, చీనా పొరుగువారి దుఃఖమూ నిజం. ఒకదానితో మరొకదానిని కొట్టివేయడానికి ఇది బీజగణితం కాదు. చీనా మిత్రుడు తన తాతను గురించి చెప్పినప్పుడు మౌనంగా వినగలిగిన వాడికే తన ఇంటి రాణి కథ చెప్పుకొనే అధికారం ఉంటుందని నా అభిప్రాయం. ఝాన్సీ రాణి కథలో జోఖన్ బాగ్‌ను దాచనట్లే, ఆమె పేరు పెట్టుకున్న దళం కథలో సూక్ చింగ్‌ను దాచరాదు.

1945 జూలైలో ఎస్ప్లనేడ్‌లో ఆజాద్ హింద్ ఫౌజు అమరుల స్మారకానికి బోసు శంకుస్థాపన చేశారు. సెప్టెంబరులో తిరిగి వచ్చిన బ్రిటిషువారు దానిని కూల్చివేశారు. 1995లో అదే చోట స్థలసూచిక నిలిపారు. పిల్లలను తీసుకువెళ్ళి చూపవచ్చు. సిటీ హాల్ స్టేషనునుంచి పది నిమిషాల నడక.

కెప్టెన్ లక్ష్మి బర్మాలో బ్రిటిషువారికి పట్టుబడి, 1946లో భారతదేశం చేరారు. ఫౌజులోని సహచరుడు ప్రేమ్ సెహగల్‌ను వివాహమాడి కాన్పూరులో స్థిరపడ్డారు. దేశవిభజన కాందిశీకులకు, 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకు, 1984లో భోపాల్ విషవాయు బాధితులకు వైద్యం చేశారు. 2002లో రాష్ట్రపతి పదవికి అబ్దుల్ కలాంపై పోటీ చేసి ఓడిపోయారు; మళ్ళీ వైద్యశాలకు వెళ్ళి రోగులను చూచారు. తొంభై దాటిన తరువాత కూడ ఉదయమే ఆమె కోసం కాన్పూరు పేద స్త్రీలు ఎదురు చూస్తుండేవారు. 2012 జూలై 23న, తొంభై ఏడేళ్ళ వయస్సులో మరణించారు. ఆమె కోరిక ప్రకారం పార్థివదేహాన్ని దహనం చేయలేదు. విద్యార్థుల చదువు కోసం కాన్పూరు వైద్యకళాశాలకు అప్పగించారు.